పది వాక్యాల మామిడి చెట్టు

నూజివీడు దగ్గర ఒక బడిలో నాలుగో తరగతి పిల్లల నోటు పుస్తకాలు ఒకసారి మా చేతికి వచ్చాయి. 'మామిడి చెట్టు' గురించి పది వాక్యాలు రాయమన్నారు. తరగతిలో అందరూ రాశారు. అందరివీ అవే పది వాక్యాలు. మామిడి చెట్టు మనకు నీడనిస్తుంది. మామిడి పండు పండ్లలో రారాజు. మామిడి శాస్త్రీయ నామం మాంగిఫెరా ఇండికా. అక్షర దోషాలు కూడా చాలావరకు ఒకే చోట ఉన్నాయి. బోర్డు మీద రాసింది దించుకున్నారన్నమాట.

ఆ పుస్తకాల్లో ఒకటి యానాదుల పిల్లది. ఆమె అమ్మానాన్నలు తోట కాపలాకు కుదిరారు. పూత మొదలైనప్పటి నుంచి కోత అయ్యేదాకా వాళ్ల కాపురం తోటలో గుడిసెలోనే. కాయ ముచ్చిక తుంచినప్పుడు చిమ్మే సొన తగిలి ఆ పిల్ల మూతి పక్కన నల్లటి మచ్చ పడింది. ఏ చెట్టు ఏడాది విడిచి ఏడాది కాస్తుందో, గాలి దుమారానికి చిన్నరసాలు ఎక్కువ రాలతాయో బంగినపల్లి ఎక్కువ రాలతాయో, గబ్బిలం కొరికిన కాయకూ చిలక కొట్టిన కాయకూ తేడా ఏమిటో ఆ పిల్లకు తెలుసు. రాత్రిపూట డబ్బా వాయించి జంతువులను తోలడం తెలుసు. ఆమె కూడా మామిడి పండు పండ్లలో రారాజు అనే రాసింది. పదికి పది వచ్చాయి.

ఆ మాస్టారిని తప్పు పట్టడానికి ఇది చెప్పడం లేదు. ఆయన చిన్నప్పుడు ఆయనా ఇదే రాశాడు. మేమూ రాశాం. ఆవు మీద, దీపావళి మీద, స్వాతంత్ర్య దినోత్సవం మీద రాశాం. తండాలో పుట్టిన మావాడొకడు 'నా ఇష్టమైన పండగ' అంటే దీపావళి అనే రాశాడు. తీజ్ అని రాయవచ్చని వాడికి తోచనే లేదు. ఈ పది వాక్యాల అలవాటు మన బళ్లలోకి ఎక్కడి నుంచి వచ్చిందో, దాన్ని తప్పించడానికి ఎవరెవరు ఏమేం చేశారో వెతికితే మాకు దొరికిన సంగతులు టీచర్లకూ, బడి వయసు దాటిన మా తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ పనికొస్తాయని ఇక్కడ రాస్తున్నాం.

పాత వీధిబడిలో సొంతంగా రాయడం అనే పనే లేదు. ఇసుకలో ఓనమాలు దిద్దడం, గుణింతాలు వల్లె వేయడం, ఎక్కాలు, శతక పద్యాలు. తప్పితే బెత్తం. చదువంటే పెద్దలు చెప్పింది నోట పట్టుకోవడమే. ఆ బడి అరుగు మీద కూడా మన తాతలకు చోటు లేదు.

అంటే మన వాళ్లకు కాగితంతో సంబంధమే లేదని కాదు. ఉంది, కానీ రాసే చేయి వేరే వాళ్లది. 1909లో ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు అచ్చు వేశాడు. యానాదులు, ఎరుకలు, లంబాడీలు అందులో ఉన్నారు. తలల కొలతలు, ముక్కుల కొలతలు తీసుకుంటూ తిరిగిన మనిషి ఆయన. రెండేళ్లకు, 1911లో, నేరస్థ తెగల చట్టం మద్రాసు రాష్ట్రానికి వచ్చింది. ఎరుకల వాళ్ల పేర్లు పోలీసు రిజిస్టర్లకు ఎక్కాయి. వేలిముద్ర వేయాలి, హాజరు చెప్పాలి, ఊరు దాటాలంటే అనుమతి చీటీ కావాలి. స్టువర్టుపురంలాంటి సెటిల్‌మెంట్లు ఆ రోజుల్లో వెలిసినవే. ఆ చట్టాన్ని మద్రాసు రాష్ట్రంలో 1947లో ఎత్తేశారు, దేశమంతటా 1952లో ఎత్తేశారు. మన ఇళ్లలో పెద్దవాళ్లు ఇవాళ్టికీ తెల్ల కాగితం చూస్తే వెనక్కి తగ్గుతారు. దాని మీద ఏముంటుందో, ఎక్కడ వేలు పెట్టమంటారో అని. పిల్లల చేత రాయించే ముందు ఈ భయం సంగతి టీచర్లు గుర్తు పెట్టుకోవాలి. ఇంట్లో పెన్ను అంటే సంతోషం కలిగించే వస్తువు కాదు.

అదే కాలంలో ఉత్తరాన పర్లాకిమిడిలో వేరే సంగతి జరుగుతోంది. గిడుగు రామమూర్తి గారు అక్కడ బడిపంతులు. చుట్టూ కొండల్లో సవరలు. ఆయన సవరల దగ్గర కూర్చుని వాళ్ల భాష నేర్చుకున్నారు, ఆ భాషలో పిల్లలకు వాచకాలు రాశారు, పాటలు కథలు సేకరించారు, సవర పిల్లల కోసం బళ్లు పెట్టారు. సవర పుస్తకాలకు 1911లో ప్రభుత్వం బహుమానం ఇవ్వబోతే, నాకొద్దు, ఆ డబ్బుతో సవరలకు ఒక బడి పెట్టండి అన్నారట. తర్వాత 1931లో ఆయన సవర వ్యాకరణం, 1938లో నిఘంటువు వచ్చాయి. ఒక గిరిజన భాషలో పిల్లలకు చదువు చెప్పాలని తెలుగు నాట ఇంత పట్టుగా పనిచేసిన మనిషి అంతకు ముందు మాకు కనబడడు.

గిడుగు వారిని మనకు బడిలో వ్యావహారిక భాషోద్యమ నాయకుడిగా చెబుతారు. ఆ ఉద్యమం పిల్లలు రాసే వ్యాసం దగ్గర ఎంతగా చిక్కుపడిందో మాత్రం అంతగా చెప్పరు. 1906 తర్వాత జె.ఎ. యేట్సు అనే స్కూళ్ల ఇన్‌స్పెక్టరు తెలుగు బోధన చూసి, పిల్లలు మాట్లాడే తెలుగు ఒకటి, పుస్తకంలో తెలుగు ఇంకొకటి ఎందుకున్నాయని అడిగాడు. అక్కడి నుంచి గిడుగు, గురజాడ, పి.టి. శ్రీనివాస అయ్యంగారు ఒక పక్క, పండితులు ఇంకో పక్క. స్కూలు ఫైనలు పరీక్షలో తెలుగు వ్యాసాన్ని కావ్యభాషలోనైనా ఇప్పటి భాషలోనైనా రాయవచ్చని 1912 ప్రాంతంలో ఒక అనుమతి వచ్చింది. దాని మీద పెద్ద రభస జరిగింది. మద్రాసు విశ్వవిద్యాలయం తెలుగు కాంపోజిషన్ మీద ఉపసంఘం వేసింది. దాని నివేదికతో ఒప్పుకోక 1914లో గురజాడ అసమ్మతి పత్రం రాశారు. పండితుల మాటే అప్పటికి నెగ్గింది. పిల్లవాడు పరీక్షలో తన తెలుగు తాను రాయాలంటే మళ్లీ చాలా ఏళ్లు ఆగాల్సి వచ్చింది.

కోస్తా జిల్లాల అగ్రవర్ణాల పిల్లవాడికే ఇంటి మాట రాసే హక్కు లేదంటే మన సంగతి అడగక్కర్లేదు. ఇక్కడ మేము ఒక మాట నిష్ఠూరంగా చెప్పాలి. చివరికి నెగ్గిన భాషకు పెట్టిన పేరు శిష్ట వ్యావహారికం. శిష్టులంటే చదువుకున్న వాళ్లు, పై కులాల వాళ్లు. మన యానాది అవ్వ మాట్లాడే తెలుగు అందులో లేదు. తండాలో గోర్ బోలీ, ఎరుకల ఇళ్లలో కుర్రు భాష, వాటి ఊసే లేదు. పర్లాకిమిడిలో గిడుగు వారు సవర పిల్లలకు ఇచ్చినది మైదాన ప్రాంతంలో మాకు ఎవరూ ఇవ్వలేదు.

పిల్లల చేత ఏం రాయించాలి అన్న ప్రశ్న మనకొక్కళ్లకే వచ్చింది కాదు. రష్యాలో టాల్‌స్టాయ్ 1859లో తన ఊరు యాస్నయా పొల్యానాలో రైతు పిల్లలకు బడి పెట్టాడు. పిల్లలకు విషయాలు ఇచ్చి రాయమంటే పొడి పొడిగా రాసేవాళ్లు. ఒకరోజు ఒక సామెత తీసుకుని, దీని మీద కథ రాద్దాం అని తానే మొదలుపెట్టాడు. పిల్లలు ఆయన కుర్చీ వెనక చేరి, అలా కాదు, ముసలాయన అలా మాట్లాడడు, చలికి వచ్చినవాడు ముందు ఇది చేస్తాడు అని దిద్దడం మొదలుపెట్టారు. గంటల తరబడి అలా కూర్చున్నారు. 1862లో ఆయన ఒక వ్యాసం రాశాడు. రాయడం ఎవరి దగ్గర ఎవరు నేర్చుకోవాలి, రైతు పిల్లలు మా దగ్గరా, మేము రైతు పిల్లల దగ్గరా అన్నదే దాని పేరు. మాకు అందులో పనికొచ్చిన ఉపాయం చిన్నది. టీచరే ముందు రాయడం, అదీ తప్పుగా రాయడం. పిల్లలకు తెలిసిన పనిని పెద్దవాళ్లు తప్పుగా రాస్తే వాళ్లు ఊరుకోరు.

న్యూజిలాండ్‌లో సిల్వియా ఆష్టన్ వార్నర్ మావోరీ పిల్లలకు చాలా ఏళ్లు పాఠాలు చెప్పింది. ఇంగ్లీషు వాళ్ల ఇళ్ల బొమ్మలున్న వాచకాలు ఆ పిల్లలకు ఎక్కలేదు. ఆమె పొద్దున్నే ఒక్కో పిల్లాడినీ పిలిచి, నీకు ఇవాళ ఏ మాట కావాలి అని అడిగేది. వాడు చెప్పిన మాటను గట్టి అట్ట మీద రాసి వాడికే ఇచ్చేది. దయ్యం, అమ్మ, ముద్దు, దెబ్బలాట లాంటి మాటలు. మర్నాడు ఆ అట్ట చూసి చదవలేకపోతే, ఆ మాట వాడికి ముఖ్యం కాదని పక్కన పడేసేది. తర్వాత ఆ మాటలతోనే పిల్లలు సొంత వాక్యాలు, సొంత పుస్తకాలు రాసేవాళ్లు. 1963లో వచ్చిన 'టీచర్' అనే పుస్తకంలో ఇదంతా ఉంది. గిరిజన పిల్లలకు చదువు చెప్పేవాళ్లు ఆమె గురించి తెలుసుకుంటే బాగుంటుంది.

తెలుగులో బడి బయట కూడా పని జరిగింది. న్యాపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, అక్కయ్యగా మద్రాసు రేడియోలో పిల్లల చేత మాట్లాడించారు, 1945లో 'బాల' పత్రిక పెట్టారు. 1947లో చందమామ వచ్చింది. దాంట్లో రెండు ఫోటోలకు వ్యాఖ్యలు రాసే పోటీ మాలో చాలామందికి తెలుసు. పాత సంచికలు మాకు చిత్తు కాగితాల కొట్లో దొరికేవి, గడువు ఎప్పుడో దాటిపోయిన పోటీలకు కూడా వ్యాఖ్యలు రాసుకునేవాళ్లం. రెండే మాటలు రాయాలి, కాబట్టి భయం ఉండదు. ఇవాళ్టికీ మేము చిన్నపిల్లలతో మొదలుపెట్టేది అలాంటి దానితోనే. ఆ పత్రికల్లో అచ్చయిన పిల్లలు ఎక్కువగా పట్నాల పిల్లలు. అది వాళ్ల తప్పు కాదు, స్టాంపు డబ్బులున్న ఇల్లు ఉండాలి కదా.

సర్కారు బడి గోడ మీదకు పిల్లల రాత ఎక్కింది మాత్రం ఎపెప్ వచ్చాకే. ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం, బ్రిటిష్ వాళ్ల సాయంతో 1984లో మొదలైంది, 1989 నుంచి రాష్ట్రమంతా పాకింది. ఆ కాలపు టీచర్లు ఆరు సూత్రాలు అంటూ ఇప్పటికీ అప్పజెబుతారు. చేసి నేర్చుకోవడం, జట్లుగా పని చేయడం, చుట్టూ ఉన్న పరిసరాలను వాడుకోవడం, పిల్లలు చేసినవి తరగతిలో ప్రదర్శించడం వాటిలో ఉన్నాయి. తరగతి గదిలో ఈ మూల నుంచి ఆ మూలకు పురికొస కట్టి పిల్లల కాగితాలు దానికి వేలాడదీయడం అప్పటి నుంచే మాకు గుర్తు. మామిడాకుల తోరణంలాగే ఉండేది. కొన్ని బళ్లలో తనిఖీ రోజున కట్టి మర్నాడు విప్పేవాళ్లనీ, అవే కాగితాలు మూడేళ్లు కట్టారనీ కూడా మాకు తెలుసు. అయినా తన పేరున్న కాగితం గాలికి ఊగుతుంటే చూసిన పిల్లలం మేము. దాన్ని తక్కువ చేయలేం.

2004లో ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది గిరిజన భాషల్లో మాతృభాషా బోధన మొదలుపెట్టారు. సవర, కొండ, కువి, ఆదివాసీ ఒడియా, కోయ, గోండి, కొలామి, బంజారా. ఆ భాషలు మాట్లాడేవాళ్లతోనే పాఠాలు రాయించారు. బంజారా పేరు చూసి మా తండా పెద్దలు పొంగిపోయారు. కుర్రు ఆ ఎనిమిదింటిలో లేదు. 2012లో వచ్చిన తెలుగు వాచకాల్లో ప్రతి పాఠం చివర స్వీయరచన, సృజనాత్మకత అని శీర్షికలు పెట్టారు. కథను సంభాషణగా మార్చు, కరపత్రం తయారు చేయి, పాట రాయి, లేఖ రాయి. మంచి ఆలోచనే. ఏడాది తిరక్కుండా గైడ్లలో సృజనాత్మకతకు కూడా జవాబులు అచ్చయ్యాయి. పిల్లలు సృజనాత్మకత దించుకోవడం మొదలుపెట్టారు. నవ్వాలో ఏడవాలో తెలియని సంగతి ఇది.

అప్పటి అనంతపురం జిల్లా చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు వాళ్ల బడి నుంచి 2008 నుంచి 'కొత్తపల్లి' అనే పిల్లల పత్రిక నడిచింది. పల్లెటూరి పిల్లలు రాసిన కథలు, వాళ్లు వేసిన బొమ్మలు, వాళ్ల అవ్వతాతలు చెప్పిన కథలు అందులో వచ్చాయి. ఆ కథల్లో రాయలసీమ మాట అలాగే ఉంటుంది. మేము మా ఆదివారాల పని మొదలుపెట్టినప్పుడు పిల్లలకు మొదట చదివి వినిపించింది అవే. కథ అంటే రాజుగారే ఉండక్కర్లేదని, మేక తప్పిపోయినా కథేనని వాళ్లకు అప్పుడు తెలిసింది.

మా ఆదివారాల గురించి కూడా కొంచెం చెప్పాలి. పెద్ద సంగతేం కాదు. తోట గట్టున ఒక చెట్టు కింద పట్టా పరుస్తాం. యానాదుల, ఎరుకల, సుగాలీల పిల్లలు వస్తారు, ఎప్పుడైనా తోటల వాళ్ల పిల్లలూ వస్తారు. కోతల రోజుల్లో ఎవరూ రారు, గంపల దగ్గర పని ఉంటుంది.

మొదట అబద్ధాల ఆట. ఒక్కొక్కరు మూడు మాటలు చెప్పాలి, అందులో ఒకటి అబద్ధం. మిగతావాళ్లు ఏది అబద్ధమో పట్టుకోవాలి. అబద్ధం నమ్మించాలంటే చిన్న చిన్న వివరాలు కలపాలని పిల్లలకు ఎవరూ చెప్పక్కర్లేదు. "మా నాన్న పాము పట్టాడు" అంటే ఎవరూ నమ్మరు. "మా నాన్న పట్టిన పాముకి తోక తెగిపోయి ఉంది, దాన్ని మా ఊరి కుక్క ముందే కొరికింది" అంటే నమ్ముతారు. తర్వాత అదే కాగితం మీద పెట్టమంటాం.

పొడుపు కథలు కట్టడం ఇంకొకటి. పాతవి చెప్పడానికి వీల్లేదు, తోటలో కనబడే వస్తువు మీద కొత్తది కట్టాలి. ఒక పిల్లాడు కట్టాడు: "చెట్టు మీద ఉన్నప్పుడు ఏడవదు, తెంపగానే ఏడుస్తుంది, దాని కన్నీళ్లకు నా చేయి కాలుతుంది." సొన కారే కాయ. ఇంకో అమ్మాయి చిక్కం కట్టిన గెడ గురించి, పొడుగు చేతికి ఒకటే సంచి వేలు అంది.

గోర్ బోలీ మాటలు తెలుగులో కలపవచ్చు, అర్థం అడిగితే చెప్పాలి అన్నది మా నియమం. అమ్మ అనాల్సిన చోట తండా పిల్ల యాడి అని రాస్తే ఆ కాగితంలో వాళ్ల అమ్మే ఉంటుంది. ఇప్పుడు పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు వస్తున్నాయి. మేము పిల్లల నోటు పుస్తకాల్లో మధ్యలో ఒక తెల్ల కాగితం దూరుస్తాం. అది ఇంటి మాటకు.

సోది ఆట దగ్గర మేము దెబ్బ తిన్నాం. ఎరుకల స్త్రీలు సోది చెప్పే తీరులో కథ కట్టే విద్య చాలా ఉంది. ముందు ఎదుటి మనిషిని చూస్తుంది, ఏదో ఒకటి అంటుంది, అవునా కాదా అని అడుగుతుంది, వాళ్ల మొహం చూసి కథ మలుపు తిప్పుతుంది. ఇద్దరిద్దరు పిల్లలను కూర్చోబెట్టి ఇది ఆడించవచ్చు అనుకున్నాం. పేరు చెప్పగానే ఒక ఎరుకల పిల్ల తల దించుకుంది. బడిలో ఆమెను ఆ మాటతోనే వెక్కిరిస్తారని తర్వాత తెలిసింది. రెండు వారాలు రాలేదు. మేము వాళ్ల ఇంటికి వెళ్లి తప్పు ఒప్పుకున్నాం. ఆమె అమ్మమ్మ నవ్వి, "మీకు చేతకాదయ్యా, నేనొచ్చి చూపిస్తా ఉండు" అంది. వచ్చింది కూడా. పట్టా మీద కూర్చుని తోట యజమాని కొడుకు చెయ్యి పట్టుకుని, వాడి గత జన్మ నుంచి నిన్న పారేసుకున్న పెన్ను దాకా చెప్పింది. పిల్లలు పడి పడి నవ్వారు. ఆ తర్వాత ఆ మనవరాలు రాసిన కథలన్నిట్లో ఒక ముసలామె వస్తుంది.

'మా నాన్న' అని మాత్రం విషయం ఇవ్వకూడదని నేర్చుకున్నాం. నాన్న లేనివాళ్లుంటారు, ఉన్నా చెప్పలేని వాళ్లుంటారు. 'మా నాన్న చేతులు' అంటే రాస్తారు. చేతుల గురించి ఎవరైనా రాయగలరు.

మొదట చెప్పిన యానాది పిల్ల మా దగ్గరకు కిందటి ఏడాది నుంచి వస్తోంది. టాల్‌స్టాయ్ ఉపాయం పట్టుకుని మేమే 'రాత్రి కాపలా' అని రాయడం మొదలుపెట్టాం. తోట కాపలావాడు గుడిసెలో హాయిగా నిద్రపోతున్నాడు అని మొదటి వాక్యం. ఆ పిల్ల లేచి, "నిద్రపోతే కాయల లెక్క తగ్గుద్ది, డబ్బులు కోస్తారు" అంది. అయితే నువ్వే రాయి అని పెన్ను ఇచ్చాం. పేజీన్నర రాసింది. పెనుగాలి వచ్చిన రాత్రి, టార్చిలైటు పట్టుకుని అమ్మ రాలిన కాయలు ఏరడం, పొద్దున గుత్తదారు వచ్చి లెక్క చూడడం, అప్పు పుస్తకంలో ఇంకో అంకె వేయడం, నాన్న ఏమీ అనకుండా చెట్టుకేసి చూస్తూ నిలబడడం.

ఆ కాగితాన్ని తోరణానికి కట్టాలా వద్దా అని మేము చాలాసేపు వాదించుకున్నాం. ఆ గుత్తదారు ఆ దారినే వెళతాడు, చదువు వచ్చినవాడు. కుటుంబానికి వచ్చే ఏడాది కాపలా పని పోవచ్చు. కట్టకపోతే, నిజం రాస్తే దాచిపెట్టాలని మేమే నేర్పినట్టు. మాలో ఒకరు పేరు తీసేద్దాం అన్నారు, ఇంకొకరు ఊరి పేరు మారుద్దాం అన్నారు. చివరికి వాళ్ల అమ్మకు చదివి వినిపించాం. ఆమెకు చదువు రాదు. సాంతం విని, కాగితం తీసుకుని మడిచి చీర కొంగులో ముడి వేసుకుంది. "గాలి వచ్చింది ఆ రాత్రి కాదు, ముందు రాత్రి," అంది కూతురితో. "అది సరిగా రాయి."

పిల్ల మళ్లీ రాసింది. రెండో ప్రతి మా దగ్గర ఉంది.